గడప అవతలి తోట

మనుషుల్లో ఒక రకం ఉన్నారు. వాళ్ళకు స్నేహితులంటే ప్రాణం. కానీ ఆ స్నేహితులు ఇంటికి వస్తున్నామంటే ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటుంది. రాకపోతే మరిచిపోయారని బెంగ, వస్తే ఏం మాట్లాడాలో తెలీని దిగులు. వచ్చినవాళ్ళు లేచి చెప్పుల కోసం వెతుక్కునేటప్పుడు మాత్రం, అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో గాని ప్రేమంతా ఒక్కసారి పొంగుకొస్తుంది. "ఇంకాసేపు కూర్చోండి" అని బతిమాలతారు. లోకం వీళ్ళను గర్విష్ఠులంటుంది, ముభావులంటుంది, ఒంటరి పక్షులంటుంది. నేనూ ఆ జాతిదాన్నే కనక వాళ్ళ తరఫున రెండు మాటలు చెప్పే అధికారం నాకుంది.

ఇలాంటివాళ్ళ కోసమే దేవుడు తోట అనే వస్తువును సృష్టించాడని నా నమ్మకం. ఇంట్లోకి పిలిస్తే మనిషి మన మంచం కింది దుమ్ము దాకా వచ్చేస్తాడు. వీధిలో నిలబెట్టి మాట్లాడితే మర్యాద కాదు. తోట ఈ రెంటికీ మధ్య. అది ఇల్లే, కానీ గడప అవతల. నేనుండే ఊరి పేరే గడప! తిరుమల వెంకన్న దర్శనానికి వెళ్ళేవారికి ఇది తొలి గడప గనక కడప అయిందని పెద్దల మాట. ఇప్పటికీ ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లిములు వచ్చి కొబ్బరికాయ కొట్టి వెళతారు. ఎవరిని ఎంతవరకు రానివ్వాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఏం తాగమని ఇవ్వాలి అన్న ప్రశ్న ఈ ఊరి పేరులోనే ఉందన్నమాట.

బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి నాకో దురలవాటు పట్టుకుంది. నాకున్న ఏ బలహీనతకైనా చరిత్రలో పెద్దమనుషుల తోడు వెతుక్కుంటాను. దీనికీ వెతికాను. ఎక్కడో కాదు, మన కర్నూలు, కడప సీమల్లోనే దొరికారు.

మొదటివాడు మన్రో దొర. 1800లో నిజాము ఈ సీమనంతా కుంపిణీవారికి ధారపోసినప్పుడు దత్తమండలాలకు పెద్ద కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. ఉన్నాడంటే మేడలో కాదు సుమండీ. ఏడేళ్ళూ ఊరూరా తిరుగుతూ, ఎక్కువ కాలం డేరాల్లోనే గడిపాడు. ఆయనకు చిన్నప్పుడు తట్టు పోసి చెవుడు వచ్చింది. చెవుడున్న మనిషికి పదిమంది ఒకేసారి మాట్లాడే విందు ఎంత నరకమో ఆలోచించండి! ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు, తనూ నవ్వాలి, దేనికో తెలీదు. ఆయన మన సీమకు రాకముందు బారామహల్‌లో పనిచేశాడు. అక్కడ ధర్మపురిలో సొంతంగా ఒక తోట వేసుకున్నాడు. ఆ తోటను వదిలి రావడం ఎంత కష్టమైందో ఇంటివారికి రాసిన ఉత్తరాల్లో చెప్పుకున్నాడు. మనుషులతో కన్నా చెట్లతో సంభాషణ సులభం. చెట్లు గట్టిగా మాట్లాడవు, మనల్నీ మాట్లాడమనవు.

అలాగని ఆయన్ని సాధువును చేయబోవడం లేదు. పాలెగాళ్ళను అణచినవాడూ ఆయనే, శిస్తు వేసినవాడూ ఆయనే. అయినా రైతు నోటి నుంచే రైతు కష్టం వినాలని చెట్టుకింద కూర్చున్న దొర గనక, జనం ఆయన్ని మాండవ్య ఋషి అన్నారు, పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. తరువాత మద్రాసు గవర్నరయ్యాడు. ఇక స్వదేశానికి వెళ్ళిపోతాననగా, ఆఖరుసారి చూసి పోదామని 1827లో మళ్ళీ మన సీమకే వచ్చాడు. వేంపల్లె దగ్గర గండిలో, పాపాఘ్ని కొండల్ని చీల్చుకు వచ్చేచోట, రెండు కొండలకూ కట్టిన బంగారు తోరణం ఆయన కంటికి కనిపించిందని మావాళ్ళు కథగా చెప్పుకుంటారు. చావు దగ్గరపడ్డ పుణ్యాత్ములకే అది కనిపిస్తుందట. ఆ జులై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో సమాధి చేసి, ఆ తరువాత మద్రాసుకు తీసుకుపోయారు.

నన్ను ఆకట్టుకున్నది ఆ తరువాతి సంగతి. ఆయన పోయిన పత్తికొండలో జ్ఞాపకంగా మెట్లబావి కట్టించి, చింతతోపు వేయించారు. కంచువిగ్రహం మద్రాసులో గుర్రమెక్కి నిలబడింది నిజమే. కానీ మన సీమలో ఆయన జ్ఞాపకం ఏ రూపంలో ఉందంటే, ఎండలో నడిచొచ్చినవాడికి ఇంత నీడ, ఇన్ని నీళ్ళు. తోటలో స్నేహితులను కూర్చోబెట్టి దాహమివ్వడానికి ఇంతకన్నా నిండైన రూపం ఉందా? పైగా ఆతిథ్యమిచ్చేవాడు లేడు, కనక మాట్లాడవలసిన ఇబ్బందీ లేదు!

కోస్తా పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. కృష్ణా గోదావరుల కాలవ గట్టున ఇల్లున్నవారికి తోట అంటే విత్తనం పారేస్తే మొలిచేది. మా దగ్గర అలా కాదు. తోట అంటే బావి. బావి అంటే కపిల, అంటే తోలు బాన కట్టిన మోకును ఎద్దులు లాగుతూ మెట్ట దిగుతుంటే పొద్దు పుట్టినప్పటినుంచీ చేదిన నీళ్ళు. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలవ తవ్వడం 1860ల్లో మొదలైంది. తవ్వించిన కంపెనీకి లాభం రాక, 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. ఆ కాలవ కింద ఉన్న పొలాల సంగతి వేరు. మిగిలిన సీమలో ఒక మల్లెపొద పూసిందంటే ఎవరో ఒకరి నడుము నొప్పి పుట్టిందని అర్థం. అందుకే ఇక్కడ ఇంటికొచ్చినవారిని "ఏం తీసుకుంటారు" అని అడగరు. ముందు చెంబుతో నీళ్ళు చేతికిస్తారు. తరువాతే పలకరింపు.

తోటలన్నీ స్నేహానికే పనికొచ్చాయనుకోకండి. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ మీద కుంపిణీవారికి అనుమానం వచ్చి వెతికిస్తే, అంతఃపురంలోను తోటల్లోను ఫిరంగులూ మందుగుండూ బయటపడ్డాయి. జోహరాపురం దగ్గర పోరాటం జరిగింది. నవాబును పట్టుకుని తిరుచినాపల్లి పంపారు. మరుసటేడు ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. పిలవని అతిథులు సైన్యంతో రావడమంటే అదీ!

ఇక అసలు మనిషి దగ్గరికొస్తాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకుని, 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. ఇక్కడి కలెక్టరు హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. కచేరీ అంతా తెలుగులో గలగలమంటుంటే ఈ ఇరవై రెండేళ్ళ కుర్రవాడు నోరు పెగలక కూర్చున్నాడు. నాకు ఆ దృశ్యం తలుచుకుంటే గుండె కరుగుతుంది. నలుగురిలో నోరు పెగలకపోవడం భాష రాకపోవడం వల్లనే కానక్కర్లేదు గదా! బ్రౌన్ మాత్రం దాన్ని అక్కడితో వదిలిపెట్టలేదు. మరుసటేడే కడపలో పిల్లలకు ధర్మబడి పెట్టించాడు. తను నేర్చుకుంటూ ఇంకొకరికి నేర్పించడం మొదలుపెట్టాడన్నమాట.

మధ్యలో మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి 1826లో మళ్ళీ కడపకు వచ్చినప్పుడు, ఇక్కడ విశాలమైన తోటలో ఒక బంగళా సొంతానికి కొన్నాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఆ రోజుల్లో ఒంటరి దొర సాయంకాలం ఎలా గడుస్తుందో మనకు తెలిసిందే. వరండాలో కుర్చీలు, సీసాలు, పేకముక్కలు, తోటి దొరలు. బ్రౌన్ తన బంగళాకు పిలిచింది మాత్రం తెలుగు పండితులను! సొంత జీతంలోంచి వాళ్ళకు జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటివారు ఆయన దగ్గర పనిచేశారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి వ్యవహారాలు చూసుకునేవాడు. బయటివాళ్ళు దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు.

అక్కడ జరిగే పని ఏమిటంటారా? ఒకే కావ్యానికి ఊరూరా ఉన్న తాటాకు ప్రతులను తెప్పించడం, పక్కపక్కన పెట్టి చదవడం, ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో రాసుకోవడం, చెదలు తిన్నచోట ఇంకో ప్రతితో పూడ్చడం, శుద్ధప్రతిని కాగితం మీదికి ఎక్కించడం. ఒకాయన పైకి చదువుతుంటే మిగిలినవారు తమ ముందున్న ప్రతి మీద వేలుపెట్టి చూస్తుంటారు. తేడా వస్తే ఆగుతారు, వాదించుకుంటారు, మళ్ళీ సాగుతారు. చూశారా, ఇందులో ఎవరూ వాతావరణం గురించి మాట్లాడుకోనక్కర్లేదు! మౌనంగా ఉండే మనిషికి స్నేహితులతో గడపడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. మధ్యలో ఒక పని ఉండాలి. ఆ పని మీద అందరి కళ్ళూ ఉండాలి. అప్పుడు మనసులు వాటంతట అవే దగ్గరవుతాయి.

అయితే ఒక చిక్కుంది. ఆ పండితులు శ్రోత్రియులు. ఆనాటి ఆచారం ప్రకారం దొర చేతి మంచినీళ్ళు కూడా పుచ్చుకోకూడదు. ఎండాకాలం కడపలో మధ్యాహ్నం, గొంతు ఎండిపోయేలా పద్యం తరువాత పద్యం చదివే మనిషికి, పిలిచిన యజమాని చేత్తో ఒక గ్లాసు నీళ్ళివ్వలేడు! బావి తనది, తోట తనది, దాహం మాత్రం అవతలివాడిది. ఎవరి చెంబు వాళ్ళు తెచ్చుకోవలసిందే. లోకంలో ఇంత నిస్సహాయుడైన ఆతిథేయి ఇంకొకడుంటాడా అనిపిస్తుంది నాకు. దానికి బదులు ఆయన ఇవ్వగలిగింది ఇచ్చాడు. నీడ, జీతం, కాగితం, సిరా, చదివేవాడికి మర్యాద. ఇచ్చి ఇచ్చి అప్పులపాలయ్యాడు.

వేమన పద్యాలు ఆయన చేతుల మీదుగా 1829లో అచ్చయ్యాయి. 693 పద్యాలు. పదేళ్ళ తరువాత రెండో కూర్పు వచ్చేసరికి 1164 అయ్యాయి. 1852 మొదలు నిఘంటువులు వచ్చాయి. ఆ నిఘంటువుల్లో గ్రంథాల మాట పక్కనే సంతలో మాట కూడా చోటుచేసుకుని కూర్చుని ఉంటుంది. ఎవరినీ గడప బయట నిలబెట్టలేదు ఆయన. అంత మెత్తని మనిషా అంటే కాదు. గుంటూరు సీమలో 1833 ప్రాంతాన డొక్కల కరువు వచ్చి జనం రాలిపోతుంటే పైఅధికారులు దాన్ని 'కొరత' అని రాయమంటారు. ఈయన 'కరువు' అనే రాశాడు. మరుసటేడు ఉద్యోగం పోయింది. తక్కువ మాట్లాడేవాళ్ళతో ఇదే తంటా. మాట్లాడే ఒక్క మాటనూ మార్చుకోమంటే ఒప్పుకోరు.

ఇక్కడ ఇంకొక ముచ్చట గుర్తొస్తోంది. అల్లసాని పెద్దనకు రాయలవారు అగ్రహారంగా ఇచ్చిన కోకటం మా కమలాపురం దగ్గరే. ఆయన మనుచరిత్రలో ప్రవరుడెవరండీ? ఇల్లు కదలని మనిషి. ఊరు దాటి ఎరగడు. కానీ ఇంటికి అతిథి వస్తే మాత్రం వదలడు. భోజనం పెట్టి, పక్కన కూర్చుని, ఆయన చూసిన దేశాల కబుర్లు చెప్పించుకుంటాడు. తను మాట్లాడకుండా ఎదుటివారిచేత మాట్లాడించడం మా జాతి లక్షణమే! అలా వచ్చిన సిద్ధుడు కాలికి పసరు పూయబట్టే గదా పాపం హిమాలయాల దాకా వెళ్ళి వరూధిని కంట్లో పడ్డాడు. అతిథులు ఇచ్చిన బహుమతులు వెంటనే వాడకూడదన్న నీతి కూడా అందులో ఉందని నా అభిప్రాయం. ఆ మనుచరిత్రకు జూలూరి అప్పయ్య చేత వ్యాఖ్యానం రాయించి అచ్చువేయించింది బ్రౌనే.

ఇంతకూ తాగడం మాటకొద్దాం. "సాయంత్రం మా తోటలోకి తాగడానికి రాండి" అని మా ఊళ్ళో అంటే వినేవాళ్ళు ఒక క్షణం మన మొహంలోకి చూస్తారు. ఆ మాటకు మా సీమలో పెద్ద చరిత్రే ఉంది. రాజాజీ ముఖ్యమంత్రిగా ఉండి 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు పెంచారు. పోయిన ఆబ్కారీ రాబడి పూడ్చుకోవడానికే 1939లో అమ్మకపు పన్ను వచ్చింది. మీరు ఇవాళ అంగట్లో బిల్లు కట్టి విసుక్కుంటారే, దాని ముత్తవ్వ కథ అది. ఆ తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయింది. కచేరీలకు ఇళ్ళు చాలక డేరాలు వేశారు. మరుసటేడు నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. దేని మీదనుకున్నారు? మద్యనిషేధం ఎత్తేయమన్న రామమూర్తి కమిటీ సిఫారసును అమలు చేయలేదన్న దాని మీద. కల్లుగీత పనివారి బతుకు ఒక పక్క, తాగి ఇల్లు గుల్లచేసుకునేవారి ఆడవాళ్ళ ఏడుపు ఒక పక్క. ఆ రెండూ నిజాలే. అందుకే అది అంత తేలిగ్గా తేలలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుంటూ సీతమ్మ కథ చదివి సారా అంగడి మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ పోరాటంలో నిలబడ్డ ఆడవాళ్ళను నేను చూశాను. మొగుడు రాత్రి పది గంటలకు స్నేహితులను వెంటబెట్టుకొచ్చి పెరట్లో కూర్చుంటే, లోపల పొయ్యి దగ్గర నిలబడి నంజుడుకు ఏదో ఒకటి వేయిస్తూ, పిల్లల ఫీజు డబ్బులు ఏ సీసాలో కరుగుతున్నాయో లెక్కపెట్టుకున్నవాళ్ళు వాళ్ళు. "తోటలో స్నేహితులు" అన్న మాట మగవాళ్ళకు వినిపించినట్టు మనకు వినిపించదు. తోటలో కూర్చునే హక్కు ఎవరిది, వంటింట్లో నిలబడే వంతు ఎవరిది అన్న ప్రశ్న ముందు తేలాలి.

అందుకని మా పెరట్లో నేనే ఒక చట్టం చేశాను. పెద్ద తోటేం కాదు లెండి. ఒక వేపచెట్టు, ఒక నిమ్మచెట్టు, మల్లెపందిరి. నెలకొక్కసారి, ఎండ చల్లారాక, నలుగురే నలుగురు ఆడవాళ్ళు. ఐదోది నేను. తాగడానికి నన్నారి షర్బత్తు. మా నల్లమల వైపు కొండల్లో దొరికే సుగంధిపాల వేరుతో కాచిన పాకంలో నిమ్మకాయ పిండి, కుండనీళ్ళు పోస్తే వాసనే సగం దాహం తీర్చేస్తుంది. అది ముందే కలిపి, మూతపెట్టి, గ్లాసులు పక్కన పెట్టేస్తాను. ఎవరికి కావలసింది వాళ్ళు పోసుకోవాలి. వంటింట్లోకి ఎవరూ వెళ్ళకూడదు, నాతో సహా. మధ్యలో చాటనిండా మల్లెమొగ్గలు పోసి పెడతాను. ఇది బ్రౌన్ దొర దగ్గర నేర్చిన విద్యే. ఆయన తాటాకులు పెట్టాడు, నేను మొగ్గలు పెట్టాను. చేతులు దండ కడుతుంటే కళ్ళు కిందికే ఉంటాయి. కళ్ళు కిందికి ఉన్నప్పుడు మనిషి నిజం చెబుతుంది.

మొదటి నెల పక్కింటి వదిన వచ్చి, "ఏందిమ్మా, పిలిచి పెట్టి ఒక్క మాటన్నా మాట్లాడవు?" అంది.

"నువ్వు మాట్లాడు వదినా, నేను వింటా" అన్నాను.

వదిన కాసేపు మొగ్గలు ఏరుకుంది. తరువాత, ఎవరూ అడక్కుండానే, ముప్పయ్యేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరికీ చెప్పని ఒక సంగతి మెల్లిగా చెప్పడం మొదలుపెట్టింది. ఏం చెప్పిందో నేనిక్కడ రాయను. మేము నలుగురం ఎవరం సలహా ఇవ్వలేదు, అయ్యో అనలేదు. దండ మాత్రం ఆగకుండా పొడుగవుతూ వచ్చింది. చీకటి పడ్డాక లేచి, గ్లాసు తనే కడిగి బోర్లించి, "మళ్ళెప్పుడు మ్మా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో మా ఇంటికొచ్చిన ఏ అతిథీ నన్ను అంత గొప్పగా మెచ్చుకోలేదు.

మావారికి ఇదంతా విచిత్రం. "ఐదుగురు ఆడవాళ్ళు కూర్చుంటే చప్పుడే లేదేమే?" అంటారు కిటికీలోంచి. చప్పుడు లేకపోతే స్నేహం లేదని మగవాళ్ళకు ఎవరు చెప్పారో!

బ్రౌన్ 1855లో మద్రాసు వదిలి వెళ్ళిపోయాడు. లండన్‌లో కొన్నాళ్ళు తెలుగు ఆచార్యుడుగా ఉండి 1884లో పోయాడు. కడప బంగళా చేతులు మారి మారి, మొండిగోడలై, ముళ్ళపొదలై పోయింది. నూరేళ్ళ తరువాత బంగోరె ఆయన ఉత్తరాలు వెతికి వెలికితీశాడు. మా ఊరి జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇల్లిల్లూ తిరిగి, చేయి చాచి, రూపాయి రూపాయి కూడబెట్టి, అదే స్థలంలో ఆయన పేర గ్రంథాలయం నిలబెట్టారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం చేతుల్లో ఉంది. వేమన్నను లోకానికి చూపించినవాడి తోటను ఇవాళ వేమన్న పేరే కాపలా కాస్తోంది!

మధ్యాహ్నం పూట ఎప్పుడైనా వెళ్ళి చూడండి. ఎవరో పరీక్షలకు చదువుకునే పిల్లలు, ఎవరో రిటైరైన పంతులుగారు, ఎవరి పుస్తకం ముందు వాళ్ళు. ఒకరినొకరు పలకరించుకోరు, కానీ ఒంటరిగానూ లేరు. ఏ కులంవారైనా లోపలికి రావచ్చు. దాహమేస్తే కుండలోని నీళ్ళు ఎవరైనా ముంచుకోవచ్చు. ఆనాడు చేతికి అందించలేని గ్లాసు నీళ్ళు ఆ దొర ఇన్నాళ్ళకు అందరికీ ఇస్తున్నాడు. ఇచ్చినవాడు కనిపించడు, పుచ్చుకున్నవాడు కృతజ్ఞతలు చెప్పనక్కర్లేదు. మా జాతివాళ్ళకు ఇంతకన్నా మంచి విందు ఎవరిస్తారు చెప్పండి!